వ్యాపారి సెనేటరైతే తినడా?

సంపాదకుల వారికి,

ఎన్నికలు దగ్గరపడితే చాలు, వ్యాపారస్తులు చట్టసభలకు రావాలి, వాళ్ల దగ్గర ముందే డబ్బుంటుంది కాబట్టి తినరు అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు అమెరికా సెనేటర్, రిపబ్లికన్ పార్టీకి చెందిన రాన్ జాన్సన్ గుర్తొస్తారు.

ఆయన 1955లో మిన్నెసోటాలో పుట్టారు. అకౌంటింగ్ చదివి కొన్నాళ్లు ఉద్యోగం చేశాక, 1979లో విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్ అనే ఊరికి వచ్చి బావమరిది పాట్ కర్లర్‌తో కలిసి ప్లాస్టిక్ షీట్ల వ్యాపారంలో దిగారు. కంపెనీ పేరు పాకర్, బావమరిది పేరులోంచి తీసిందే. మొదట్లో సరుకు కొన్నది మామగారి ప్యాకేజింగ్ కంపెనీ. మామగారి అండతో పైకొచ్చాడులే అని తీసిపారేయను, వైద్య పరికరాల ప్యాకింగ్‌కి వాడే షీట్లు చేస్తూ ఒక ఫ్యాక్టరీని ముప్పై ఏళ్లు నడపడం మాటలు కాదు.

2010లో, అంతకుముందు ఏ ఎన్నికలోనూ గెలిచిన అనుభవం లేకుండానే, ఒబామా ఆరోగ్య చట్టం మీద కోపంతో, పన్నులూ ప్రభుత్వ ఖర్చూ తగ్గాలనే టీ పార్టీ ఉద్యమం ఊపులో సెనేట్‌కి నిలబడ్డారు. ఎదురుగా ఉన్నది మూడుసార్లు గెలిచిన డెమోక్రాట్ రస్ ఫైన్‌గోల్డ్, ఎన్నికల్లో డబ్బు ప్రవాహానికి అడ్డుకట్ట వేయాలని 2002లో రిపబ్లికన్ సెనేటర్ మెకెయిన్‌తో కలిసి చట్టం తెచ్చిన మనిషి. ఆయన్ని ఓడించడానికి జాన్సన్ సొంత జేబులోంచి దాదాపు 90 లక్షల డాలర్లు ఖర్చు పెట్టారు. గెలిచి కంపెనీ వదిలేటప్పుడు పాకర్ నుంచి పాత బకాయి జీతం కింద కోటి డాలర్లు అందాయి. లెక్క భలే కుదిరింది కదా! చట్ట ప్రకారమే జరిగింది, కాదనను.

అసలు విషయం 2017 పన్నుల బిల్లు. అమెరికాలో చాలా కంపెనీలు విడిగా పన్ను కట్టవు. లాభం నేరుగా యజమానుల లెక్కలోకి వస్తుంది, వాళ్లు తమ సొంత రిటర్నులో చూపించి కడతారు, దీన్నే పాస్ త్రూ అంటారు. పాకర్ ఆ కోవదే, అప్పటికి అందులో జాన్సన్‌కి వాటా కూడా ఉంది. వందమంది సెనేట్‌లో రిపబ్లికన్లు 52 మంది, ఇద్దరికి మించి చెయ్యి జారితే బిల్లు గోవిందా. ఆ టైంలో, సొంత పార్టీ సెనేటర్లలో అందరికన్నా ముందు, నేను ఓటెయ్యను అని బహిరంగంగా అడ్డం తిరిగింది ఈయనే. బడా కార్పొరేషన్ల పన్నును 35 శాతం నుంచి ఒక్కసారిగా 20 దగ్గరికి దించుతూ పాస్ త్రూ వాళ్లను గాలికొదిలేస్తారా అన్నది ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. చివరికి సెనేట్ బిల్లులో వాళ్ల లాభంలో పన్ను లేకుండా వదిలేసే మినహాయింపు 17.4 శాతం నుంచి 23కి పెరిగింది, చట్టమయ్యేసరికి 20 దగ్గర ఆగింది, ఆయన ఓటేశారు.

ఇందులో ఎక్కడా లంచం లేదు, కవరు చేతులు మారలేదు. ఆయన నిజంగానే తినలేదు. తన లాంటి యజమానుల కష్టం ఆయనకు కళ్లకు కట్టినట్టు కనిపించింది, దాని కోసం పార్టీతోనే పోట్లాడారు. ఆ షీట్ల మిషన్ దగ్గర షిఫ్టులో నిలబడేవాడి జీతానికి ఈ మినహాయింపు వర్తించదు, ఆ కష్టాన్ని అంత దగ్గర నుంచి చూసినవాడు ఆ బేరంలో ఎవరున్నారు?

2016లో మళ్లీ గెలిచినప్పుడు ఇదే ఆఖరు అన్నారు, 2022లో మళ్లీ నిలబడ్డారు, 27 వేల ఓట్ల లోపు మెజారిటీతో బయటపడ్డారు. 2025లో దేశం అప్పు పెరిగిపోతోందని కొత్త పన్నుల బిల్లు మీద వారాల తరబడి గొడవ చేసి, తీరా ఓటింగ్ రోజున సరే అన్నారు. ఆ 20 శాతం మినహాయింపును శాశ్వతం చేసింది ఆ బిల్లే.

కాబట్టి అయ్యా, ఈసారి వ్యాపారస్తుడైన అభ్యర్థి గురించి రాసేటప్పుడు ఆస్తుల విలువ ఎంతో వేసి ఊరుకోకండి. ఆయన వ్యాపారం ఏ పన్ను కిందికి వస్తుందో, ఏ చట్టం మారితే ఆయనకు కలిసొస్తుందో పక్కనే ఇంకో రెండు లైన్లు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు