రుషికొండ గొడవ సరే, బొల్లారం గేటు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మన విశాఖలో రుషికొండ మీద ప్రభుత్వం కట్టించిన బిల్డింగులు ఏం చెయ్యాలో అని మీ పేపర్లో వచ్చేవన్నీ చదువుతున్నా. హోటల్‌కి ఇచ్చెయ్యమని ఒకరు, మ్యూజియం పెట్టమని ఒకరు. టూరిజం వాళ్ళ హరిత రిసార్టు పడగొట్టి కట్టినప్పట్నించీ మా వాకింగ్ బ్యాచ్‌లో కూడా ఇదే పంచాయితీ. ఆ పార్టీ ఈ పార్టీ గోల నాకొద్దు గానీ ఈమధ్య హైదరాబాద్ బొల్లారంలో రాష్ట్రపతి వచ్చినప్పుడు దిగే ఇల్లు, రాష్ట్రపతి నిలయం చూసొచ్చా, ఆ సంగతి రాద్దామని.

మా అమ్మాయి వాళ్ళది అల్వాల్. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళా, ఆదివారం "పక్కనే నాన్నా, పద" అని తీసుకెళ్ళింది. టికెట్ 50 రూపాయలు. పెద్ద ప్యాలెస్సేమో అనుకున్నా, తీరా చూస్తే మేడ కూడా లేదు, పెంకుటింటికి అన్నయ్యలా ఒకటే అంతస్తు, పదకొండు గదులు, చుట్టూ 90 ఎకరాల తోట. 1860లో కట్టిందట. నిజాం పక్కన కూర్చుని పెత్తనం చేసిన బ్రిటిష్ రెసిడెంట్ దొరలకి కోఠీలో పెద్ద రెసిడెన్సీ ఉండేది, ఊరవతల కంటోన్మెంటు దగ్గర విడిదికి ఇది. కోఠీది తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది, ఇదేమో రాష్ట్రపతికి వచ్చింది. రాష్ట్రపతి అంటే ఢిల్లీలోనే కూర్చోకుండా ఏడాదికోసారి, ఎక్కువగా డిసెంబర్లో, ఇక్కడికొచ్చి కొన్నాళ్ళుండి ఆఫీసు పని కూడా ఇక్కడే చూసుకోవడం ఆనవాయితీ. 1948లో హైదరాబాద్ దేశంలో కలిసినదానికి గుర్తుగా 120 అడుగుల జెండా స్తంభం నమూనా కూడా నిలబెట్టారు, మెడ నొప్పెట్టేదాకా చూశా.

అన్నిటికంటే నన్ను పట్టేసింది మాత్రం సొరంగం. వంటిల్లు విడిగా దూరంగా ఉంటుంది, అక్కణ్ణించి భోజనాల హాలు దాకా భూమి కింద దారి. వండినవన్నీ అందులోంచే మోసుకొచ్చేవారు. ఇప్పుడు గోడల నిండా తెలంగాణలోని చేర్యాల ఊరి పద్ధతిలో బొమ్మలు వేయించారు, ఎర్రగా భలే ఉన్నాయి. మావాడు, రెండో క్లాసు, "తాతా, సాంబారు ఒలికిపోదా" అన్నాడు. వెనకాల వస్తున్న ఒకావిడ "వండేవాళ్ళ మొహాలు దొరలకి కనబడకూడదుగా నాయనా" అంది. నిజమో కాదో నాకు తెలీదు గానీ ఆ తర్వాత బొమ్మల మీదకి నా కళ్ళు పోలేదు, ఆ మెట్ల మీద గిన్నెలు మోసినవాళ్ళే గుర్తొచ్చారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు టికెట్ కొనుక్కుని అదే దారిలో సెల్ఫీలు దిగుతున్నారు!

ఇదివరకు రాష్ట్రపతి వచ్చివెళ్ళాక ఓ పదిహేను రోజులు మాత్రమే జనాన్ని లోపలికి వదిలేవారు. 2023 ఉగాది నుంచి ద్రౌపది ముర్ము గారు ఏడాది పొడవునా తెరిపించారు. సోమవారాలు, ప్రభుత్వ సెలవు రోజులు మూత, రాష్ట్రపతి దిగినప్పుడు క్లోజు, మిగతా రోజులు మనదే. నేను చెప్పొచ్చేది ఇదే సార్, ఇల్లు వాడకంలో ఉంటూనే జనానికీ తెరవొచ్చు, దానికోసం హోటలో మ్యూజియమో చేసెయ్యక్కర్లేదు.

మనకేమో రాష్ట్రపతి అంటే ట్రాఫిక్ బంద్. 2022లో రెండుసార్లు, ఫిబ్రవరిలో నేవీ ఓడల్ని పరిశీలించే ఫ్లీట్ రివ్యూకి అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు, డిసెంబర్లో నేవీ డేకి ముర్ము గారు వస్తే బీచ్ రోడ్డు వైపు వెళ్ళడానికి తల ప్రాణం తోకకొచ్చింది. కానీ తర్వాత రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా ఇక్కడే వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేశారని మా అపార్ట్‌మెంట్‌లో కాలేజీ పిల్లల్నడిగితే ఒక్కడూ చెప్పలేదు. పిల్లల్నని ఏం లాభం, చూపించేవాళ్ళుండాలిగా.

మహారాణిపేట కలెక్టరాఫీసు పాత బిల్డింగుకి ఎన్నిసార్లు వెళ్ళానో, వెళ్ళిన ప్రతిసారీ సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పట్టుకుని క్యూలో నిలబడ్డమే, తలెత్తి ఆ గోడలు చూసిన పాపాన పోలేదు. రుషికొండ సంగతి తేలేలోగా కనీసం ఆ పాత బిల్డింగు నెలకో ఆదివారం తెరవమనండి, కథ తెలిసిన ఒక గుమాస్తా గారిని కూర్చోబెడితే చాలు. టికెట్ పెట్టుకున్నా పర్లేదు, బోర్డు మాత్రం తెలుగులో, మావాడికి అర్థమయ్యేలా రాయించమనండి.

ఇట్లు,
పోర్టులో రిటైరైన ఓ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం