లేజర్ లేకున్నా లోతు కనిపిస్తుంది

సంపాదకులకు,

భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి విద్యార్థులు తెచ్చే రొయ్య మొప్పలను మా కళాశాల సూక్ష్మదర్శినిలో చూస్తే పైపొర, కిందిపొర కలిసిపోయి అంతా మసకే. కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని సన్నని రంధ్రం గుండా ఒక్క పొర వెలుతురునే రానిచ్చి ఆ మసకను వదిలిస్తుంది. దానికి లేజర్ తప్పనిసరి అనుకోవడం పొరపాటు. ఈ సూక్ష్మదర్శినిని కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పరికరంలో ఉన్నది ఆర్క్ దీపం. లేజర్ అప్పటికింకా పుట్టనే లేదు! ఇప్పుడు రంధ్రాల చక్రాన్ని తిప్పుతూ ఎల్‌ఈడీ దీపంతోనే ఆ పని చేయవచ్చు. చక్రం చాలా వెలుతురును మింగేస్తుంది, నిజమే. పాఠాలకు, మొప్పల పరిశీలనకు అదే చాలు. డెల్టా కళాశాలలన్నింటికీ ఉమ్మడిగా ఇలాంటిదొకటి సమకూర్చాలని మత్స్యశాఖకు నా మనవి.

— ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు, పశ్చిమ గోదావరి జిల్లా