ఆ ఫారంలో మా గడి లేదు: అంతర్జాతీయ కార్మిక సంస్థ డైరెక్టర్ జనరల్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గిల్బర్ట్ హుంగ్బో గారికి,
డైరెక్టర్ జనరల్, అంతర్జాతీయ కార్మిక సంస్థ, జెనీవా

నమస్కారం.

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రి ఓడలో జీతం లేకుండా పనిచేశాను. కోవిడ్ వచ్చిన తొలి నెలల్లో ఆ ఓడలోనే క్వారంటైన్‌లో ఉన్నాను. ఓడ పేరు గానీ మేం ఆగిన రేవు పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఎవరినీ బోనెక్కించాలని లేదు నాకు. నా గొడవంతా, జబ్బుపడిన మనిషిని ఓడ నుంచి ఒడ్డుకు పంపడానికి నింపాల్సిన ఒక ఫారంతో.

మీకే రాయడానికి ఒక కారణం ఉంది. మీరు 2008 నుంచి 2012 దాకా టోగో ప్రధానిగా ఉన్నారు. ఆ కాలంలోనే 2010లో ఒకసారి, 2012లో ఇంకోసారి ఆఫ్రికా మెర్సీ అనే ఓడ లోమే రేవుకు వచ్చి నెలల తరబడి ఉంది. ఒకప్పుడు డెన్మార్క్‌లో రైలు పెట్టెల్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చిన ఫెర్రీ అది. దాన్ని అయిదు ఆపరేషన్ థియేటర్లున్న ఆసుపత్రిగా మార్చారు. అలాంటి ఓడ వచ్చిందని తెలిస్తే ఎవరెవరు బయల్దేరి వస్తారో మీకు నేను చెప్పాలా? మెడ కింద కొబ్బరికాయంత కణితితో బతుకుతున్నవాళ్లు, పెదవి చీలి పుట్టిన పిల్లలు, కళ్లలో శుక్లాలు ముదిరి మనవడి చెయ్యి పట్టుకుని నడిచే ముసలివాళ్లు. అవసరమైనప్పుడు సురక్షితమైన ఆపరేషన్ అందనివాళ్లు ప్రపంచంలో 500 కోట్ల మంది అని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క తేల్చింది. మా ఓడలోనూ పని అలాంటివాళ్లకి ఆపరేషన్లు చేయడమే.

మహమ్మారి మొదలవగానే అందరూ అడిగిన మాట: "ఆసుపత్రి ఓడ కదా, ఇలాంటప్పుడే కదా ఉండాల్సింది, వెళ్లిపోతారేం?" మా ఇంట్లోవాళ్లూ అడిగారు. నాకు సిగ్గేసింది కూడా. కానీ మాది కోతలకీ కుట్లకీ కట్టిన ఓడ. అంటురోగాన్ని ఆపే ఏర్పాట్లు అందులో లేవు. ఒక్కో క్యాబిన్‌లో ఆరుగురం, బంకు మీద బంకు, మనిషికీ మనిషికీ మధ్య ఒక గుడ్డ తెర. వందల మందికి ఒకటే భోజనాల హాలు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఆనుకుంటే తప్ప ఇంకొకరు దాటలేని నడవాలు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే విహార ఓడ మీద ఏం జరిగిందో చూశాం: 3,711 మందిలో 712 మందికి సోకింది. మాకూ అదే గతి పడితే మేం వైద్యం చేసేవాళ్లం కాదు, ఆ ఊరికి ఇంకో బరువయ్యేవాళ్లం. 2014లో ఎబోలా వచ్చినప్పుడు ఆఫ్రికా మెర్సీ పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లకుండా మడగాస్కర్ వెళ్లింది. 2020 మార్చిలో డాకర్‌లో పని ఆపేసి కెనరీ దీవులకు వెళ్లింది. ఈ సంగతి అర్థమైనా, వెళ్లడం మాత్రం తేలిక కాలేదు.

కొన్ని ఆపరేషన్లు రెండు విడతల్లో చేస్తారు. ముక్కు పోయిన మనిషికి నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు కడతారు. దానికి రక్తం అందాలి కాబట్టి దాదాపు మూడు వారాలు నుదురూ ముక్కూ చర్మపు వంతెనతో అతుక్కునే ఉంటాయి. తర్వాత ఆ వంతెనను కోసేస్తారు. ఆ మూడు వారాల మధ్యలో ఉన్న మనిషిని రేవులో దించి లంగరెత్తలేం కదా. అందుకని మేం చేసిన చివరి ఆపరేషన్లన్నీ కొత్తవి కావు, మొదలుపెట్టినవాటికి ముగింపులు. కొత్తవాళ్ల జాబితా అలాగే మిగిలిపోయింది. ఫోన్లు చేసి "ఇప్పుడు కాదు" అని చెప్పే పని నాకు పడలేదు. ఆ పని చేసినవాళ్లు ఆ రాత్రి భోజనానికి రాలేదు.

సరిహద్దులు మూసేలోపు సర్జన్లు, మత్తు డాక్టర్లు, పళ్ల డాక్టరు విమానాలు దొరికినంతవరకు వెళ్లిపోయారు. మిగిలింది ఓడ నడిపే సిబ్బంది, వంటవాళ్లు, బడి టీచర్లు, కొన్ని కుటుంబాలు, మాలాంటి నర్సులు కొందరు. ఇంకో దేశపు రేవు చేరి పసుపు జెండా ఎగరేశాం. పసుపు జెండా అంటే లోపల రోగముందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పటి సంకేతాల ప్రకారం దాని అర్థం సరిగ్గా తిరగబడింది: "మా ఓడలో అందరం బాగున్నాం, రేవులోకి రానివ్వండి" అని. రోజూ పొద్దున డెక్కు మీదికి వెళ్లి ఆ జెండా దించారా లేదా అని చూడటం అలవాటైపోయింది.

రోజులు ఎలా గడిచాయంటే, థియేటర్ నర్సులం గిన్నెలు తోమాం. డెక్కు మీద తుప్పు గోకి రంగు వేశాం. పూటకోసారి అందరి నుదుటికీ థర్మామీటర్ గురిపెట్టాం. పిల్లలకి బడి వీడియోలో నడిచింది. టీచరు ఉన్నది వాళ్లకి రెండు డెక్కుల కిందే. స్నానం రెండు నిమిషాల్లో ముగించాలన్న పాత నియమం మాత్రం మహమ్మారిలోనూ మారలేదు. అన్నిటికంటే వింతగా అనిపించింది స్టెరిలైజేషన్ పని. ఆపరేషన్ సామాను కట్టలకి మా దగ్గర గడువు తేదీ ఉంటుంది. గడువు దాటినవి విప్పి, కడిగి, మళ్లీ కట్టి, ఆవిరి వేడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాలి. పేషెంట్లు లేరు, సర్జన్లు లేరు, అయినా ప్రతి వారం అదే పని చేశాం. వంటగది కుర్రాడొకడు "ఎవరి కోసం అక్కా?" అనడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఫోర్సెప్స్ లెక్కపెడుతూ ఉండిపోయాను.

ఇక ఫారం దగ్గరికి వస్తాను. మా లాండ్రీలో పనిచేసే వాలంటీరు ఒకామెకు పన్ను కింద చీము పట్టింది. రెండు రోజుల్లో దవడ ఉబ్బి నోరు తెరవలేని స్థితికి వచ్చింది. ఆసుపత్రి ఓడలో ఉండి పంటికి దిక్కులేకపోవడం ఏమిటని మీకు నవ్వు రావచ్చు. మొదటి రోజు ఆమే నవ్వింది. మాత్రలు ఇచ్చాం, కానీ చీము తీయాలంటే ఒడ్డుకు పంపాలి. ఒడ్డుకు పంపాలంటే ఫారం నింపాలి. అందులో రెండే గడులు: సిబ్బంది, ప్రయాణికులు. కెప్టెన్ సిబ్బంది అని టిక్కు పెట్టారు. రేవు అధికారి సీమన్ బుక్, అంటే నావికుడి గుర్తింపు పుస్తకం, ఏదని అడిగారు. లాండ్రీ వాలంటీరుకి సీమన్ బుక్ ఎక్కడిది? సరే, ఉద్యోగ ఒప్పందం చూపించమన్నారు. జీతం లేని పనికి ఆ ఒప్పందం కూడా లేదు. పైగా మా తిండికీ బసకీ నెలనెలా డబ్బు కట్టేది మేమే. డబ్బు కట్టేవాళ్లని ఏమంటారు? ప్రయాణికులంటారు. ప్రయాణికులు దిగడానికి అప్పట్లో అనుమతి లేదు.

మా ఇంజిన్ రూమ్ అతనొకరు అదే వారం సీమన్ బుక్ చూపించి సిబ్బంది మార్పిడి జాబితాలో చేరి ఇంటికి వెళ్లిపోయాడు. అతను వెళ్లాల్సిందే, నెలలుగా డ్యూటీలో ఉన్నాడు. అయితే అతని చొక్కాలు ఉతికిన మనిషి ఉబ్బిన దవడతో కిటికీ లేని క్యాబిన్‌లో పడుకుని ఉంది. చివరికి ఎవరో ఎవరికో ఫోన్ చేసి మాట్లాడారు, ఆమెను ఒడ్డుకు తీసుకెళ్లారు, నయమైంది. రేవు అధికారి చెడ్డవాడు కాదండీ. ఆయనకిచ్చిన కాగితంలో మాకు చోటు లేదు, అంతే. ఆయన దయ తలిచాడు కాబట్టి పని జరిగింది. అదే నాకు భయం. వచ్చేసారి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు.

తిరిగొచ్చాక మీ సంస్థ 2006లో చేసిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ కూర్చుని చదివాను. రెండో అధికరణంలో నావికుడంటే ఎవరో రాశారు: ఓడ మీద ఏ హోదాలోనైనా ఉద్యోగంలో ఉన్నవాళ్లు, నియమితులైనవాళ్లు, పనిచేసేవాళ్లు. జీతం మాటే లేదు. "పనిచేసేవాళ్లు" అన్న దగ్గర నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. ఈ ఒప్పందం వర్తించే ఓడ మీద, అని ఉంది. వర్తించే ఓడలేవంటే, మామూలుగా వాణిజ్య కార్యకలాపాల్లో ఉండేవి. మా ఓడ ఏమీ అమ్మదు, ఏమీ మోయదు, ఎవరి దగ్గరా ఫీజు తీసుకోదు. అనుమానం వస్తే ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకోవచ్చని కూడా అందులో ఉంది. ఓడ నమోదై దాని జెండా ఎగరేసే దేశం ఒకలా, రేవున్న దేశం ఇంకోలా అనుకుంటే మధ్యలో ఉండేది మేం.

2020 చివరికి దాదాపు 4 లక్షల మంది నావికులు గడువు దాటినా దిగలేక ఓడల్లోనే చిక్కుకున్నారు. ఆ డిసెంబర్ 1న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం నావికుల్ని కీలక కార్మికులుగా గుర్తించమని దేశాలను కోరింది. మీ సంస్థ 2022లో ఆ మారిటైమ్ ఒప్పందాన్ని సవరించింది. తక్షణ వైద్యం కావలసిన నావికుణ్ణి వెంటనే ఒడ్డుకు దించాలన్న మాట స్పష్టంగా చేరింది, 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. చాలా మంచి పని. మా లాండ్రీ ఆమె దవడ కోసమే రాసినట్టుంది. ఆమె నావికురాలని ఒప్పుకుంటే.

ఒక సంగతి నాకు మింగుడు పడదు. 1949 నాటి రెండో జెనీవా ఒప్పందంలో ఆసుపత్రి ఓడలకి విడిగా అధికరణాలున్నాయి. సహాయ సంఘాలు నడిపేవైనా, ప్రైవేటు వ్యక్తులు నడిపేవైనా, నియమాలు పాటిస్తే సైనిక ఆసుపత్రి ఓడలతో సమానంగా రక్షణ ఉంటుంది. వాటిలోని వైద్య సిబ్బందినీ ఓడ సిబ్బందినీ బందీలుగా పట్టుకోకూడదు. ఇద్దరికీ కలిపి ఒకే మాట. అంటే రెండు దేశాలు బాంబులేసుకుంటుంటే మేమెవరో లోకానికి తెలుసు. ఒక వైరస్ వచ్చి రేవులు మూస్తే మాత్రం తెలియదు.

మాకు జీతాలు కావాలని అడగడం లేదు. పని గంటల నియమాలు, వేతన చీటీలు అన్నీ స్వచ్ఛంద సంస్థల నెత్తిన పెడితే చిన్న సంస్థలు ఓడ నడపలేక చేతులెత్తేస్తాయి. ఆ అభ్యంతరం నాకు తెలుసు, అది న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల ప్రకారం క్వారంటైన్‌లో ఉన్నవాళ్లకి అందాల్సిన తిండికీ నీళ్లకీ కూడా మాకు లోటు రాలేదు. నేనడిగేది చిన్నది. స్వచ్ఛంద ఆసుపత్రి ఓడల్లో పనిచేసే వాలంటీర్లను, జీతం ఉన్నా లేకపోయినా, రెండు విషయాల్లో నావికులతో సమానంగా చూడమని దేశాలకు మీ కార్యాలయం ఒక మార్గదర్శక పత్రం ఇవ్వాలి: ఒడ్డున వైద్యం, ఇంటికి తిరుగు ప్రయాణం. సీమన్ బుక్ లేనివాళ్లకి కెప్టెన్ సంతకం చేసిన సిబ్బంది జాబితా చాలని అందులో రాయాలి. ఒప్పందం అమలును చూసే త్రైపాక్షిక కమిటీలో ప్రభుత్వాలు, ఓడల యజమానులు, నావికుల సంఘాలు కూర్చుంటాయి. మా సంగతి చర్చకు వచ్చిన రోజున మాలో ఒకరిని పిలిచి వినమనండి. నన్నే పిలవక్కర్లేదు. ఆ లాండ్రీ ఆమెను పిలవండి, నాకంటే బాగా చెబుతుంది.

ఆ ఫారం నకలు నా దగ్గర ఉంది. ఒక గడిలో టిక్కు పెట్టి, కొట్టేసి, పక్క గడిలో పెట్టి, అదీ కొట్టేసిన కాగితం. రేవు పేరు చెరిపి మీ కార్యాలయానికి ఈ లేఖతో పాటే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక ఆపరేషన్ థియేటర్ నర్సు