ఫ్యాటీ లివర్ ఉన్నవారికి కండబలం పెంచే వ్యాయామం నేర్పించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

స్థూలకాయంతో పాటు ఫ్యాటీ లివర్ ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే వ్యాయామ సలహాను సవరించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. స్కానింగులో నాకు గ్రేడ్-2 ఫ్యాటీ లివర్ అని తేలిన రోజు చీటీ మీద రాసిచ్చింది ఒకే మాట: ‘బరువు తగ్గాలి, రోజూ నడవాలి.’ మూడు నెలల తర్వాత తూకం ముల్లు అక్కడే ఉందని చూసి, అదే మాటను ఈసారి ఎర్ర సిరాతో రాసి పంపించారు. ఈ మోకాళ్లతో ఎంత దూరం నడవగలనని మాత్రం ఎవరూ అడగలేదు.

కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు, అవి వాడుకోవలసిన చక్కెరలో కొంత కాలేయానికి చేరి కొవ్వుగా మారుతుంది. బరువులెత్తే కండరం ఆ చక్కెరను తానే వాడుకుంటుంది కనుక కాలేయం మీద భారం తగ్గుతుంది. 2011లో ‘గట్’ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేసినవారికి ఒంటి బరువు తగ్గకపోయినా కాలేయంలోని కొవ్వు మునుపటికంటే దాదాపు 13 శాతం తగ్గింది. అది కొద్దిమంది మీద జరిగిన పరిశీలనే. అయినా తూకం పసిగట్టలేని మార్పు ఒకటి ఉంటుందని అది చూపింది.

బరువు తగ్గనక్కరలేదని నా వాదన కాదు. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయపు వాపు కూడా తగ్గే అవకాశం ఉంది. మచ్చలు పడి గట్టిపడిన కాలేయాన్ని డంబెల్స్ నయం చేస్తాయనీ నేను అనడం లేదు.

నాకు ఈ వ్యాయామం నేర్పింది మోకాళ్ల కోసం వెళ్లిన ఫిజియోథెరపిస్టు, కాలేయం కోసం చూసిన విభాగం కాదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంటే మొదటి రోజు నాలుగోసారికే తొడలు వణికిపోయాయి. ఊపిరి బిగబట్టవద్దని ఆమె పదేపదే హెచ్చరించారు. ఇందుకు జిమ్ము అక్కరలేదు, ఒక కుర్చీ, ఒక గోడ, ఒక రబ్బరు బ్యాండు చాలు.

కండరాలను బలపరిచే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ వాక్యాన్ని మన చీటీల్లోనూ చేర్పించి, రోగి ఇంటికి వెళ్లేలోపు ఒక్కసారైనా చేయించి చూపేలా ఆదేశించండి. మళ్లీ వచ్చినప్పుడు తూకంతో పాటు నడుము చుట్టుకొలతనూ, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారన్నదీ నమోదు చేయించండి.

ఇట్లు,
ఒక ఫ్యాటీ లివర్ రోగి