సోదర నగరాల బంధం అధికారుల పర్యటనలకేనా?

సంపాదకులకు,

మన నగరానికీ ఒక విదేశీ నగరానికీ మధ్య ఉన్న సోదర నగర ఒప్పందాన్ని, అంటే రెండు ఊళ్ల మధ్య స్నేహం, రాకపోకలు పెంచడానికి చేసుకునే ఒప్పందాన్ని, పొడిగించారనీ, ఆ సందర్భంగా మన ప్రతినిధి బృందం వెళ్లి వచ్చిందనీ మీ పత్రికలో వార్త వచ్చి చాలా రోజులైంది. అడగవలసిన ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎదురుచూశాను. ఎవరూ అడగకపోవడంతో ఈ లేఖ రాయక తప్పడం లేదు. మీరు వేసిన ఫొటోలో ఇద్దరు మేయర్లు జ్ఞాపికలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు, వెనక అధికారులూ కార్పొరేటర్లూ వరుసగా నిలబడి ఉన్నారు. సాంస్కృతిక వినిమయం కోసమే వెళ్లామని చెప్పుకున్న ఆ బృందంలో ఒక్క సంగీత విద్వాంసుడు గానీ, చేతిపని తెలిసిన కళాకారుడు గానీ, ఉపాధ్యాయుడు గానీ, కనీసం ఒక్క విద్యార్థి గానీ ఎందుకు లేరు?

ఈ నగర బంధాలు ఎలా మొదలయ్యాయో పాలకులు ఒక్కసారి చదివినా ఇంత అన్యాయం జరిగేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాల దాడిలో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరం నడిబొడ్డూ, దాని ప్రాచీన కెథెడ్రలూ (పెద్ద చర్చి) శిథిలమయ్యాయి. తర్వాత రెండేళ్లకు సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్ జర్మన్ల దాడిలో అంతకంటే ఘోరంగా ధ్వంసమవుతుంటే, ఆ కష్టం తెలిసిన కోవెంట్రీ స్త్రీలు 800 మందికి పైగా ఒక టేబుల్ గుడ్డ మీద తమ తమ పేర్లు దారంతో కుట్టి, చందాగా పోగుచేసిన సొమ్ముతో కలిపి అక్కడికి పంపించారు. వోల్గోగ్రాడ్‌గా పేరు మారిన ఆ నగరపు యుద్ధ మ్యూజియంలో ఆ గుడ్డను నేటికీ భద్రంగా ఉంచారు. 1944లో ఆ రెండు నగరాలూ సోదర నగరాలయ్యాయి. ముందు ఇళ్లలో సూదీ దారం కదిలాయి, సంతకాలు ఆ తర్వాత వచ్చాయి. అదే కోవెంట్రీ 1959లో, బ్రిటన్, అమెరికాల బాంబులకు బూడిదైన జర్మన్ నగరం డ్రెస్డెన్‌తోనూ చేయి కలిపింది.

నేను ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించినదాన్ని కనుక నా మనసు ఎప్పుడూ పిల్లల మీదికే పోతుంది. యుద్ధం ముగిసిన అయిదేళ్లకే 1950లో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్, ఫ్రాన్సులోని మోంబెలియార్ నగరాలు జత కట్టాయి. అప్పటికి ఆ ఊళ్లలో యుద్ధంలో కొడుకులను పోగొట్టుకోని వీధి ఉండి ఉండదు. ఈ రోజు ఆ రెండు దేశాల మధ్య 2,000కు పైగా ఇలాంటి పట్టణ బంధాలున్నాయి. ఆ దేశాలు 1963లో చేసుకున్న ఎలిజే స్నేహ ఒప్పందంతో ఏర్పడిన ఉమ్మడి యువజన కార్యాలయం ఇప్పటివరకు 90 లక్షల మందికి పైగా యువతీయువకులను వినిమయ కార్యక్రమాల్లో భాగస్వాములను చేసింది. అక్కడి పాఠశాలల పద్ధతి చాలా సాదాది. ఒక ఊరి విద్యార్థి రెండో ఊరిలో తన ఈడు పిల్లవాడి ఇంట్లో దిగుతాడు, వాళ్ల బల్ల దగ్గరే కూర్చుని భోంచేస్తాడు, వాడితో పాటు బడికి వెళ్లి అర్థమైనా కాకపోయినా తరగతిలో కూర్చుంటాడు. కొన్ని నెలలకు ఆ పిల్లవాడు వీళ్ల ఇంటికి వస్తాడు. పాఠ్యపుస్తకంలో ఏళ్ల తరబడి బోధించినా ఒంటపట్టని భాష, అవతలివాడి అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు వస్తుంది. ఇందులో అధికారుల ప్రసంగాలకు చోటెక్కడుంది?

కళల విషయానికి వస్తే, 1959 నుంచి సోదర నగరాలుగా ఉన్న అమెరికాలోని బోస్టన్, జపానులోని క్యోటోల మధ్య జరిగినది మన సాంస్కృతిక శాఖవారు తెలుసుకోవాలి. క్యోటోలో ఒక పట్టు వర్తకుడి పాతకాలపు కొయ్య ఇంటిని భాగాలుగా విప్పి, ఓడమీద పంపి, బోస్టన్ బాలల మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. ఆ పని చేయడానికి క్యోటో నుంచి వడ్రంగులే తరలి వెళ్లారు. పిల్లలు చెప్పులు విప్పి ఆ ఇంట్లో అడుగుపెడతారు, చాపలు పరిచిన గదుల్లో కూర్చుంటారు. ఒప్పందం మీద సంతకాలు పెట్టిన వాళ్ల పేర్లు ఆ పిల్లలకు తెలియనక్కరలేదు.

ఇక్కడ మాత్రం అంతా తిరగబడింది. అధికారి బదిలీ అయితే దస్త్రం అటకెక్కుతుంది, కొత్తగా వచ్చినవారు మొదటి నుంచి మొదలుపెడతారు, మొదలుపెట్టడమంటే మరో విదేశీ పర్యటనకు అనుమతి తెచ్చుకోవడమే. పిల్లలను పంపుదామంటే నిధులు లేవంటారు, తమ విమాన టిక్కెట్లకు ఆ కొరత ఏనాడూ అడ్డురాలేదు. సోదర నగరాల మాట ఒక్కటే కాదు, అధ్యయన యాత్రల పేరుతో వెళ్లివచ్చేవారంతా ఇంతే. చూసి వచ్చినదాని మీద నివేదిక రాసి సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలన్న నియమాన్ని అడిగేవారు లేరు, పాటించేవారు లేరు. ప్రజాధనానికి లెక్క చెప్పడం చిన్నతనమన్నట్టు వ్యవహరించడం మన కార్యాలయాలకు అలవాటైపోయింది.

1956లో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ప్రజల మధ్య నేరుగా సంబంధాలు పెరగాలన్న ఉద్యమాన్ని ప్రారంభించినప్పుడు, ప్రభుత్వాల మాటామంతీతో సరిపెట్టుకుంటే లాభం లేదని గుర్తించే పౌరులను ముందుకు పిలిచారు. ఒప్పందం కార్యాలయాల చేతుల్లోనే ఉంటే ఏమవుతుందో చూడండి. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో, జపానులోని ఒసాకా 1957లో సోదర నగరాలయ్యాయి. యుద్ధకాలంలో జపాను సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన స్త్రీల స్మారక విగ్రహాన్ని శాన్ ఫ్రాన్సిస్కో తన ఆస్తిగా స్వీకరించినందుకు ఒసాకా మేయరు 2018లో ఆ బంధాన్ని తెంచేశారు. అరవై ఏళ్ల సంబంధాన్ని ఒక్క కార్యాలయం ఒక్క లేఖతో ముగించగలిగింది. రెండు వైపులా మేయర్ల చేతుల్లోనే ఉన్న మన ఒప్పందానికి ఇంతకంటే గట్టి పునాది ఉందని నాకు అనిపించడం లేదు.

అందుచేత నగరపాలక సంస్థను బహిరంగంగా కోరుతున్నాను. ఈ పర్యటనకు ఎవరెవరు వెళ్లారో, వారిని ఏ ప్రాతిపదికన ఎంపిక చేశారో, ఎంత ఖర్చయిందో ప్రకటించండి. ఉపాధ్యాయులు, కళాకారులు, గ్రంథాలయాధికారులు, విద్యార్థుల తల్లిదండ్రులు సగానికి తక్కువ కాకుండా ఉండే పౌర సంఘాన్ని ఏర్పాటు చేసి, వచ్చే విడత వినిమయాన్ని వారికి అప్పగించండి. ఆ సంఘం ఏర్పడేవరకు ఇంకే అధికారిక బృందానికీ అనుమతి ఇవ్వకండి. మీ విలేకరులు కూడా తదుపరి ఫొటో అచ్చువేసే ముందు ఈ వివరాలు అడిగి, జవాబు వచ్చినా రాకపోయినా అదే పేజీలో ప్రచురించాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు