మెకానిక్స్ పేపర్లో బొమ్మకు మార్కులేవి?

సంపాదకులకు,

అయ్యా,

ఇంజినీరింగ్ కొత్త విద్యా సంవత్సరం మొదలవుతోంది. సివిల్, మెకానికల్ విద్యార్థులు తొలి సెమిస్టర్లలోనే చదివే, వస్తువుల మీద పనిచేసే బలాల లెక్కలు చెప్పే ఇంజినీరింగ్ మెకానిక్స్ మీదే తర్వాత వచ్చే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, మెషిన్ డిజైన్ వంటివన్నీ ఆధారపడతాయి. అయినా పిల్లలు బ్యాక్‌లాగుగా మిగుల్చుకునే పేపర్లలో ఇదొకటన్న సంగతి ఆ పాఠం చెప్పేవారికి కొత్త కాదు. మనం బోధించే, పరీక్షించే తీరే అందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఒక చిన్న లెక్క తీసుకుందాం. గరుకు నేల మీద 10 కిలోల పెట్టె ఉంది. ఘర్షణ గుణకం 0.4. పెట్టెను 20 న్యూటన్ల బలంతో అడ్డంగా నెడితే కదల్లేదు. ఘర్షణ ఎంత? తరగతిలో చాలామంది 0.4ను 10తోనూ గురుత్వ త్వరణం 9.81తోనూ గుణించి 39.24 న్యూటన్లని చెప్పేస్తారు. అదే నిజమైతే పెట్టె 19.24 న్యూటన్ల మిగులు బలంతో నెట్టినవాడి మీదికే ఎదురు రావాలి! పెట్టె నిలిచే ఉంది కనుక ఘర్షణ సరిగ్గా 20 న్యూటన్లు, 39.24 అనేది అది చేరగల గరిష్ఠ హద్దు. ఇంటర్మీడియట్‌లో ఈ పాఠం చదవని ఎంపీసీ విద్యార్థి ఉండడు. కానీ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాల్సిన ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కోసం రెండేళ్లు తర్ఫీదైనవాడికి ప్రశ్న కనబడగానే సూత్రం అందుకోవడం అలవాటవుతుంది. అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు.

ఈ అలవాటు మాన్పించగల సాధనం ఫ్రీ బాడీ డయాగ్రమ్ ఒక్కటే. వస్తువును పరిసరాల నుంచి విడదీసి, దాన్ని ఏవేవి తాకుతున్నాయో చూసి, తాకిన ప్రతిచోటా బలాన్ని గీయాలి, బరువును మరవకూడదు. నునుపు గోడకు ఆనించిన నిచ్చెన లెక్కలో గోడ దగ్గర కూడా ఘర్షణ గీసిన విద్యార్థి ఆ తర్వాత సమీకరణాలు ఎంత శ్రద్ధగా సాధించినా ఫలితముండదు. తరగతిలో జరుగుతున్నదేమిటంటే, ఆ బొమ్మను అధ్యాపకుడే బోర్డు మీద గబగబా గీసేసి, మిగిలిన పీరియడంతా సైన్లు, కొసైన్లతో గడిపేస్తాడు. స్లైడ్లు వచ్చాక ఆ గీయడం కూడా పోయింది.

ట్యుటోరియల్ గంట ఉన్నది ఇందుకే. కానీ అది చాలాచోట్ల మిగిలిపోయిన సిలబస్‌కు అదనపు పీరియడుగా మారింది. అరవై మంది గీసిన బొమ్మలను ఒక్కరే ఒక గంటలో చూడలేరన్నది వాస్తవమే. ల్యాబులకు సెక్షన్‌ను బ్యాచులుగా విడగొడుతున్నప్పుడు ట్యుటోరియల్‌కు ఎందుకు విడగొట్టరాదు?

ట్రస్సుల (కడ్డీలను త్రికోణాలుగా కలిపి కట్టే చట్రాల) పాఠానిదీ ఇదే కథ. 1974లో ప్రారంభమైన రాజమహేంద్రవరం రోడ్డు కం రైలు వంతెన ఉక్కు త్రికోణాల మధ్య నుంచి రోజూ రైల్లో వచ్చే విద్యార్థికి కూడా ట్రస్సంటే పుస్తకంలోని గీతలే. అటువంటి వంతెన స్పానుకు, అంటే రెండు స్తంభాల మధ్య భాగానికి, ఒక చివర జరగడానికి వీలెందుకు ఉంచుతారని అడిగితే తెల్లమొహం వేస్తాడు. 90 మీటర్ల ఉక్కు స్పాను 30 డిగ్రీల వేడి పెరిగితే మూడు సెంటీమీటర్లకు పైగా సాగుతుందని లెక్క వేయించి చూపితే, అలా జరగనిచ్చే ఆధారమైన రోలర్ సపోర్టు దగ్గర అడ్డంగా ప్రతిచర్య ఎందుకు గీయకూడదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా చేస్తే సిలబస్ పూర్తికాదని తోటి అధ్యాపకులు అంటారు. అలాగైతే కొంత తగ్గించడమే మంచిది; సమతాస్థితే అర్థంకాని పిల్లలకు వర్చువల్ వర్క్ వంటి పై స్థాయి పద్ధతి హడావిడిగా చెప్పి సాధించేదేమీ లేదు. అయితే సిలబస్ మార్చాలంటే దాన్ని నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం కావాలి, అందుకు సమయం పడుతుంది. ఈలోగా విశ్వవిద్యాలయాలు 10 మార్కుల లెక్కలో 4 మార్కులు బొమ్మకే కేటాయించాలనీ, ప్రతి పేపర్లో అంకెలే లేకుండా బలాలు గీయమని మాత్రమే అడిగే ప్రశ్న ఒకటి ఉండాలనీ పేపర్ సెట్టర్లకు, మూల్యాంకనం చేసేవారికి ఈ సెమిస్టర్ నుంచే సూచించవచ్చు.

ఇట్లు,
ఒక మెకానిక్స్ అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం