పుస్తకం ఆవిష్కరించారు సరే, కొనేదెక్కడ?

సంపాదకుడు గారికి,

తిరుపతిలోని ఒక యూనివర్సిటీ తాను కొత్తగా అచ్చువేసిన పరిశోధన గ్రంథాలను ఆవిష్కరించిన వార్త పోయిన వారం మీ పత్రికలో చూశాను. ఫొటోలో తొమ్మిది మంది పెద్దలు వరసగా నిలబడి తలా ఒక పుస్తకం గుండెలకు ఆనించుకుని ఉన్నారు. వాటి ధర ఎంతో, ఎక్కడ దొరుకుతాయో మాత్రం వార్తలో లేదు. నేను ఈ ఊళ్ళో పదిహేడేళ్ళుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. యూనివర్సిటీ పుస్తకాలు దొరకకపోవడం వల్లే నాకు సగం గిరాకీ. అంటే ఈ ఉత్తరంతో నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను.

వాటిలో ఒకటి మన జిల్లా ఊరి పేర్ల మీద. అది నాకే కావాలనిపించి మర్నాడు వెళ్ళాను. ముందు బ్యాంకులో చలానా కట్టి రమ్మన్నారు. కట్టి వచ్చేసరికి లంచ్. లంచ్ అయ్యాక, తాళంచెవి ఉన్న ఆయన మీటింగులో ఉన్నారన్నారు. కిటికీలోంచి చూస్తే పుస్తకాలు పురికొస కూడా విప్పని కట్టలుగా గోడవారన పేర్చి ఉన్నాయి. ఒక కట్ట మీద ఖాళీ టీ గ్లాసు. నాలుగున్నర దాకా చూసి వచ్చేశాను. రూ. 240 చలానా ఇంకా నా జేబులోనే ఉంది. పది రూపాయల టీకి కూడా ఫోన్‌పే తీసుకునే ఊరండీ ఇది!

మొన్న పలమనేరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. గంగ జాతర వేషాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. బ్యాగులోంచి తువ్వాలులో చుట్టిన పాత పుస్తకం తీసి, "అన్నా, మెల్లిగా తీయన్నా, ఇది మా సారుది" అంది. లోపలి పేజీలో 'ప్రతులు 500, వెల రూ. 12' అని ఉంది. ఆ పైన 'కాంప్లిమెంటరీ' అని ఊదా రంగు ముద్ర. కాగితం ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. అద్దం మీద బోర్లించి నొక్కితే కుట్టు తెగుతుంది, నొక్కకపోతే కుట్టు పక్కనున్న అక్షరాలు నల్లటి నీడలో కలిసిపోతాయి. నొక్కలేదు. ప్రతి పేజీలో లోపలి అంచు మాటలు ఆ అమ్మాయే పెన్సిలుతో రాసుకుంది. సాయంత్రం దాకా పట్టింది. ఈ ఒక్క పుస్తకాన్నే నేను ఇరవై సార్లకు తక్కువ కాకుండా కాపీ తీసి ఉంటాను.

ఇది తప్పు కాదా అని ఎవరైనా అడగొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీలో నాలాంటి ఒక షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రెస్సులు ఇంకో ప్రచురణ సంస్థతో కలిసి 2012లో కేసు వేశాయి. పాఠాలకు అవసరమైన కాపీలను చట్టం ఒప్పుకుంటుందని 2016లో హైకోర్టు చెప్పింది. పుస్తకం మొత్తం తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం నాకూ కొంచెం టెన్షనే. కానీ ఆ ప్రెస్సుల పుస్తకాలు డబ్బులుంటే అంగట్లో దొరుకుతాయి. ఇక్కడివి డబ్బులున్నా దొరకవు.

దేవస్థానం 1939లోనే ప్రాచ్య పరిశోధన సంస్థ పెట్టిన ఊరు ఇది. అన్నమయ్య రాగిరేకుల మీద వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటివాళ్ళు కళ్ళు కాయలు కాసేలా పనిచేసిన చోటు. టీటీడీ తన ప్రచురణలు చాలావాటిని, పాత శాసనాల సంపుటాలతో సహా, ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది. అప్పటినుంచి వాటి జిరాక్సు కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. నాకు నష్టమే. అయినా పని జరిగే తీరు అదీ.

ఇంకో విచిత్రం చూడండి. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురించినవాళ్ళు కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు పంపాలి. పంపకపోతే జరిమానా రూ. 50 దాకా, దానిపైన పుస్తకం ఖరీదు. ఆ జాబితాలో తిరుపతి లైబ్రరీ లేదు. మన ఊరి పేర్ల పుస్తకం మనకంటే ముందు కోల్‌కతావాళ్ళు చదువుకోవచ్చన్నమాట. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నది మాత్రం మనమే.

యూనివర్సిటీవాళ్ళు గేటు పక్కన ఒక కిటికీ తెరిచి, క్యూఆర్ కోడ్ అంటించి, ఒక మనిషిని కూర్చోబెడితే చాలు. జిల్లా గ్రంథాలయానికి రెండేసి ప్రతులు ఇవ్వాలి. ఎప్పుడో అయిపోయిన పాతవాటిని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. స్కానింగ్ పని కావాలంటే నేనే చేసిపెడతాను, కరెంటు ఖర్చు ఇచ్చినా చాలు.

మీకూ ఒక విన్నపం. ఇకపై ఆవిష్కరణ వార్త వేసేటప్పుడు, వేదిక మీదున్నవాళ్ళ పేర్లలో రెండు తగ్గించైనా సరే, పుస్తకం వెల, దొరికే చోటు చివరి లైనులో వేయండి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
తిరుపతి